బ్యాంకు గుమాస్తా ఒపెరా విమర్శకుడు ఎలా అయ్యాడు? ఎర్నెస్ట్ న్యూమన్ కథ

బాన్సువాడ నుంచి మాట్లాడుతున్నాను. ఎప్పటిలాగే మా మేడ మీది గది, వెనకాల అదే ఫ్యాన్ చప్పుడు. కొంచెం సర్దుకోండి.

టైటిల్ చూసి చాలామంది "ఒపెరా ఏంది, బాన్సువాడ ఏంది, మనకెందుకు ఇది" అనుకుని ఉంటారు. నిజమే, మన దగ్గర ఒపెరా లేదు. కానీ నేను ఈ మనిషి దాకా వెళ్లింది నేను చేసిన ఒక తప్పు వల్ల. ముందు ఆ తప్పు చెప్తాను. తర్వాత ఇంగ్లండ్ వెళ్దాం. చివరికి మళ్లీ ఇక్కడికే వద్దాం.

పోయిన ఏడాది ఎండాకాలం. ఒక పెళ్లి నుంచి బండి మీద తిరిగి వస్తున్నాను. టైమ్ తెల్లవారుజామున మూడున్నర. దారిలో ఒక ఊళ్లో చిందు యక్షగానం ఆడుతున్నారు. తెలియని వాళ్లకు ఒక్క మాటలో చెప్తాను. చిందు అంటే మన తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా చిందు కళాకారుల కుటుంబాలు ఆడుతున్న ఆట. పాట, మాట, అడుగు అన్నీ కలిసి ఉంటాయి. మద్దెల, తాళాలు, హార్మోనియం. కథ రాత్రి మొదలైతే తెల్లారేదాకా నడుస్తుంది.

నేను ఆగింది పది నిమిషాలు. స్టేజీ మీద ఒక పెద్దాయన రాజు వేషంలో పాడుతున్నాడు. పై స్థాయికి వెళ్లగానే గొంతు పగిలిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఫోన్ తీసి రికార్డ్ చేశాను. ఇంటికొచ్చి ఇరవై సెకన్ల ముక్క కట్ చేసి, గొంతు పగిలిన చోట మేక అరుపు పెట్టి రీల్ వేశాను. రెండు రోజుల్లో రెండు లక్షల వ్యూస్. అప్పటిదాకా నా ఏ వీడియోకీ అన్ని రాలేదు. నేను మస్తు ఖుషీ.

వారం తర్వాత బస్టాండ్‌లో ఒక పిల్లగాడు దగ్గరికొచ్చాడు. ఇంటర్ చదివే వయసు. "అన్నా, ఆ రీల్ వేసింది నువ్వేనా?" అన్నాడు. ఫ్యాన్ అనుకుని నవ్వుతూ "అవును తమ్మీ" అన్నాను.

"ఆయన మా తాత. గప్పటి సంది మొఖానికి రంగు వేసుకుంటలేడు."

ఏం అనాలో తెలియలేదు. "తమాషాకు వేసిన తమ్మీ, తీసేస్తా" అన్నాను. అప్పుడు వాడు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"పాట బాగలేదంటే బాగలేదని చెప్పు అన్నా, తప్పు లేదు. గని ఏం బాగలేదో చెప్పు. రాగం తప్పిండా? తాళం తప్పిండా? మాట మింగిండా? గా రాత్రి ఏం కథ ఆడుతున్నరో నీకు ఎరుకేనా?"

నాకు తెలియదు. ఒక్కదానికీ జవాబు లేదు. రీల్ తీసేశాను. కానీ అప్పటికే అది వాట్సాప్‌లో తిరుగుతోంది. నేను తీసేసినంత మాత్రాన పోలేదు.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న పట్టుకుంది. "బాగుంది, బాగలేదు" అని చెప్పే హక్కు మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? దీన్నే పనిగా పెట్టుకున్నవాళ్లు ఎలా నేర్చుకున్నారు? సినిమా రివ్యూల నుంచి మొదలుపెట్టి వెతుకుతూ పోతే, చివరికి ఒక ఒపెరా విమర్శకుడి దగ్గర ఆగాను. ఆయన పేరు ఎర్నెస్ట్ న్యూమన్.

ముందు ఒపెరా అంటే ఏంటో చెప్పుకుందాం. అది పాటతో నడిచే నాటకం. పాత్రలు మాట్లాడుకోవు, పాడుకుంటాయి. స్టేజీ ముందు కింద గుంతలాంటి చోట పెద్ద ఆర్కెస్ట్రా కూర్చుంటుంది. మైకు లేకుండా, ఆ ఆర్కెస్ట్రాను దాటి గొంతు చివరి సీటు దాకా వినిపించాలి. మన పద్యనాటకంలో పద్యం ఎత్తుకున్నప్పుడు ఎలా ఊగిపోతామో, అక్కడ ఒక పాట అయిపోగానే జనం అలా ఊగిపోతారు. సురభి వాళ్ల నాటకం చూసినవాళ్లకు సెట్టింగులూ పాటా కలిస్తే ఎలా ఉంటుందో తెలుసు. పోలిక పూర్తిగా సరిపోదు గానీ, దారి మాత్రం తెలుస్తుంది.

ఇక న్యూమన్. 1868 నవంబర్ 30న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టాడు. అసలు పేరు విలియం రాబర్ట్స్. చదువు లివర్‌పూల్‌లోనే. ఇంట్లోవాళ్ల ప్లాన్ ఏంటో తెలుసా? ఈ అబ్బాయి ఇండియన్ సివిల్ సర్వీస్‌లో చేరాలి. అంటే మన దేశానికి వచ్చి అధికారి కావాలి. కలెక్టర్ గిరీ అన్నమాట. మన బాన్సువాడ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఇక్కడికి వచ్చేవాడు కాదేమో గానీ, మద్రాసు ప్రెసిడెన్సీలో ఏదో తెలుగు జిల్లాకు వచ్చినా వచ్చేవాడు.

రాలేదు. ఆరోగ్యం దెబ్బతింది. ఇండియా వాతావరణం నీకు పనికిరాదని డాక్టర్లు చెప్పారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు మన ఛానల్‌లో చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి ఒక ఉద్యోగం కోసం అనుకుని, అది చెయ్యి జారితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

1889లో బ్యాంక్ ఆఫ్ లివర్‌పూల్‌లో గుమాస్తాగా చేరాడు. 1904 దాకా అదే పని. అంటే పదిహేనేళ్లు. పగలంతా లెక్కల పుస్తకాలు. మిగిలిన టైమ్‌లో ఏం చేశాడో వినండి.

సంగీతం నేర్చుకున్నాడు. గురువు లేడు, కాలేజీ లేదు. పియానో తనంతట తానే అంతో ఇంతో నేర్చుకున్నాడు. స్వరాలు రాసిన కాగితాలను మనం పేపర్ చదివినట్టు చదవడం నేర్చుకున్నాడు. పాట ఎలా కడతారు, స్వరాలను ఒకదాని మీద ఒకటి ఎలా పేరుస్తారు, అన్నీ పుస్తకాలు ముందేసుకుని నేర్చాడు. ఒపెరాలు జర్మన్‌లో, ఇటాలియన్‌లో, ఫ్రెంచ్‌లో ఉంటాయి కదా. అనువాదాల మీద ఆధారపడకుండా భాషలూ పట్టాడు. తొమ్మిది విదేశీ భాషల్లో పని నడిపేంత పరిజ్ఞానం సంపాదించాడని చెప్తారు. అప్పుడు యూట్యూబ్ లేదు. ఫోన్‌లో ఏ పాటంటే ఆ పాట వినే వీలు లేదు. ఒక ఒపెరా వినాలంటే అది ఆడే ఊరికి వెళ్లాలి. లేదంటే కాగితం మీద స్వరాలు చూస్తూ మనసులోనే వినాలి.

బ్యాంకులో ఉండగానే 1895లో మొదటి పుస్తకం వచ్చింది, గ్లక్ అనే సంగీతకర్త మీద, ఆయన ఒపెరాల మీద. అప్పటికి ఈయనకు ఇరవై ఆరేళ్లు. 1899లో వాగ్నర్ మీద ఇంకో పుస్తకం. రాయడం మొదలుపెట్టినప్పుడే ఎర్నెస్ట్ న్యూమన్ అనే పేరు పెట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఆ పేరులో ఒక శ్లేష ఉంది. "నిజంగా మనసుపెట్టిన కొత్త మనిషి" అన్నట్టు వినిపిస్తుంది. కలం పేరుగా మొదలై, తర్వాత జీవితంలోనూ అదే ఆయన పేరైపోయింది.

1904లో బ్యాంకు వదిలేసి బర్మింగ్‌హామ్‌లో సంగీతం పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. మరుసటి ఏడాది 1905లో మాంచెస్టర్ గార్డియన్ అనే పత్రికలో సంగీత విమర్శకుడి ఉద్యోగం. అంటే ముప్పై ఆరేళ్ల వయసులో అసలు కెరీర్ మొదలైంది. ఇరవై మూడేళ్లకే "నా పని అయిపోయింది బ్రో" అని స్టేటస్ పెట్టేవాళ్లు ఈ ఒక్క లైన్ గుర్తుపెట్టుకోండి.

మాంచెస్టర్‌లో ఎక్కువ కాలం ఉండలేదు. అక్కడ హాలే అనే పెద్ద ఆర్కెస్ట్రా ఉండేది. దాన్ని నడిపేది హాన్స్ రిక్టర్. ఈయన మామూలు మనిషి కాదు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ 'రింగ్' నాటకాలు నాలుగూ మొట్టమొదటిసారి పూర్తిగా ఆడినప్పుడు ఆర్కెస్ట్రాను నడిపించినవాడు. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. అలాంటి రిక్టర్ పద్ధతి మీద, కచేరీలకు ఎంచుకునే పాటల మీద న్యూమన్ మొహమాటం లేకుండా రాశాడు. ఊళ్లో చాలామందికి కోపాలు వచ్చాయి. 1906లో న్యూమన్ బర్మింగ్‌హామ్ పోస్ట్ పత్రికకు మారిపోయాడు.

ఇది విన్నప్పుడు నాకు మొదట ఏమనిపించిందంటే, "చూశావా, ఆయన కూడా పెద్దవాళ్లను ఏకాడు, నేనూ ఏకాను, తేడా ఏముంది?" అని. తేడా ఉంది. ఆయన ఏకింది పేరూ అధికారం ఉన్నవాడిని. అదీ ఆ సంగీతం స్వరస్వరం చదివినవాడిగా, కారణాలు చెప్పి, కింద సంతకం పెట్టి. నేను తెల్లవారుజామున అలసిపోయి ఉన్న ముసలాయన మీద మేక అరుపు పెట్టాను. కారణం అడిగితే నా దగ్గర లేదు.

ఇంకోటి చెప్పాలి. ఆయన అన్నిసార్లూ గెలవలేదు. 1910లో రిచర్డ్ స్ట్రాస్ ఒపెరా 'ఎలెక్ట్రా' లండన్‌లో మొదటిసారి ఆడారు. న్యూమన్‌కు అందులో చాలా భాగం నచ్చలేదు, గట్టిగా రాశాడు. వెంటనే నాటక రచయిత బెర్నార్డ్ షా దిగాడు. షా కూడా అంతకుముందు సంగీత విమర్శకుడే. ఇద్దరూ పత్రికలో ఉత్తరాల మీద ఉత్తరాలు, వాదన మీద వాదన. ఇవాళ ఎలెక్ట్రాను ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఒపెరాల్లో ఒకటిగా లెక్కపెడతారు. అంటే కాలం తీర్పు ఎక్కువగా షా వైపే మొగ్గింది. కానీ ఆ గొడవలో ఒక అందం ఉంది. న్యూమన్ తన కారణాలు కాగితం మీద పెట్టాడు కాబట్టే షా వాటికి జవాబు చెప్పగలిగాడు. "వేస్ట్", "సూపర్" అని వదిలేస్తే దానికి ఎవడు జవాబు చెప్తాడు? ఏం చెప్తాడు?

ఒకవైపు ఇలా పొరపడినా, ఇంకోవైపు ఎవరూ పట్టించుకోనివాళ్లను పైకి తెచ్చాడు. హ్యూగో వుల్ఫ్ అనే ఆస్ట్రియా సంగీతకర్త ఉన్నాడు. కష్టాల్లో బతికి, మతి చెడి, 1903లో నలభై రెండేళ్లకు చనిపోయాడు. ఇంగ్లీషు చదివేవాళ్లకు ఆయన గురించి పెద్దగా తెలియని రోజుల్లో, 1907లో, న్యూమన్ ఆయన మీద ఒక పుస్తకమే రాశాడు. విమర్శకుడి పనిలో మనం మర్చిపోయే సగం ఇదే. బాగలేనిదాన్ని చెప్పడం ఒక సగం. బాగున్నా ఎవరికీ తెలియనిదాన్ని వేలు పెట్టి చూపించడం రెండో సగం. ఇంగ్లండ్ పెద్ద సంగీతకర్త ఎల్గార్ తన పియానో క్వింటెట్‌ను న్యూమన్‌కు అంకితం ఇచ్చాడు. విమర్శకుడికి కళాకారుడు అంకితం ఇవ్వడం అంటే ఆలోచించండి.

1919లో లండన్ వెళ్లాడు. మొదట అబ్జర్వర్, తర్వాత 1920లో సండే టైమ్స్. మధ్యలో కొన్నాళ్లు అమెరికా వెళ్లి న్యూయార్క్ పత్రికకు రాసి వచ్చాడు. అది తప్పిస్తే 1958 దాకా సండే టైమ్సే. మానేసేనాటికి దాదాపు తొంభై ఏళ్లు. మరుసటి ఏడాది, 1959 జూలైలో చనిపోయాడు.

ఆయన జీవితంలో పెద్ద పని ఇంకోటి ఉంది, రిచర్డ్ వాగ్నర్ జీవిత చరిత్ర. నాలుగు పెద్ద సంపుటాలు. మొదటిది 1933లో వచ్చింది. నాలుగోది బయటికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలై, ముగిసిపోయింది కూడా. న్యూమన్‌కు వాగ్నర్ సంగీతం అంటే ప్రాణం. కానీ వాగ్నర్ తన గురించి తాను రాసుకున్నదాన్ని గుడ్డిగా నమ్మలేదు. ఉత్తరాలు తీశాడు, పాత కాగితాలు తీశాడు, ఒకదానితో ఒకటి పోల్చాడు. ఎక్కడ వాగ్నర్ నిజం దాచాడో, ఎక్కడ అప్పులు ఎగ్గొట్టాడో, ఎక్కడ స్నేహితులను వాడుకున్నాడో రాశాడు. పాట గొప్పది అన్నాడు. మనిషి తప్పులూ చెప్పాడు. రెండూ ఒకే పుస్తకంలో. మన దగ్గర ఒక హీరో నచ్చితే తప్పు కనిపించదు, నచ్చకపోతే మంచి కనిపించదు. ఈయన పద్ధతి వేరు.

ఆయన ఎప్పుడూ కొట్లాడిన విషయం ఒకటే. విమర్శ అంటే "నాకేం అనిపించింది" అనేది కాదు, "అక్కడ నిజంగా ఏముంది" అనేది. నీ మూడ్ గురించి చెప్పకు, పాట గురించి చెప్పు. ఇది పూర్తిగా సాధ్యమా అంటే, కాదు. ఎలెక్ట్రా విషయంలో ఆయనకే సాధ్యం కాలేదు. కానీ ఆ ప్రయత్నం మనిషిని జాగ్రత్తగా వినేలా చేస్తుంది. మన తెలుగులో విమర్శ అనే మాటకు అసలు అర్థం కూడా పరిశీలించడం, ఆలోచించడం. తిట్టడం అనే అర్థం మనం తర్వాత అంటించుకున్నాం.

ఇప్పుడు మళ్లీ మన ఊరికి వద్దాం.

న్యూమన్ రాసినవి ఉన్నాయి కాబట్టి, నూరేళ్ల కిందట లండన్‌లో ఒక రాత్రి ఒపెరా ఎలా నడిచిందో ఇవాళ నేను బాన్సువాడలో కూర్చుని తెలుసుకోగలను. మన సంగతి? మన పాత నిజామాబాద్ జిల్లాలోనే, బోధన్ దగ్గర అమ్దాపూర్‌లో చిందుల ఎల్లమ్మ ఉండేది. చిందు యక్షగానానికి ఆమె పెద్ద పేరు. 2005లో చనిపోయింది. 2024లో జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికే పద్మశ్రీ వచ్చింది. వీళ్ల గురించి వెతికితే నాకు జీవిత విశేషాలు, సన్మానాల వార్తలు దొరికాయి. కానీ ఒక రాత్రి ఎల్లమ్మ స్టేజీ మీదికి వచ్చి ఫలానా సీను ఎలా ఆడింది, గొంతు ఎక్కడ ఆపింది, జనం ఎక్కడ ఏడ్చారు అని రాసిన వ్యాసం నాకు ఒక్కటీ దొరకలేదు. అన్ని రాత్రులు ఆడితే, అన్నీ గాలిలో కలిసిపోయినట్టేనా?

ఆ పిల్లగాడిని వెతుక్కుంటూ వాళ్ల ఊరికి పోయాను. "నాకు నేర్పుతావా?" అని అడిగాను. మొదట నమ్మలేదు. తర్వాత రెండుసార్లు వాళ్ల ఆటకు తీసుకుపోయాడు. పూర్తి రాత్రి, మొదటి నుంచి చివరిదాకా. పక్కన కూర్చుని "గిప్పుడు తాళం మారింది చూడు", "గా అడుగు రాజుది, గిది మంత్రిది" అని చెప్తుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఫోన్ జేబులోంచి తియ్యలేదు.

రెండోసారి తాత కూడా వచ్చాడు. వేషం వేసుకోలేదు. పక్కన కూర్చుని తాళాలు వాయించాడు. ఆట అయ్యాక దగ్గరికి పోయి, "తాతా, ఆ రీల్ వేసింది నేనే. తప్పయింది" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "గొంతు పలిగింది నిజమే బిడ్డా. వయసైంది. గది నువ్వు చెప్పకున్నా నాకెరుకే. గని గొంతు పలిగినంక నేనేం చేసిన్నో నువ్వు చూడలే. తాళం ఇడవలే. కింది నుంచి అందుకున్న. కొడుకును చంపమని చెప్పిన రాజు ఏడుస్తున్నడు ఆడ. ఏడ్చేటోని గొంతు పలుగదా?"

నేను ఆ ఇరవై సెకన్ల దగ్గరే కట్ చేశాను కదా. తర్వాత ఏం జరిగిందో నేను వినలేదు.

"మళ్ల వేషం కడతవా తాతా?" అని అడిగాను. "ఇగ మనుమడు కడతడు" అన్నాడు. అంతే. క్షమించానని అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

కాబట్టి ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌తో నేను ఒక చిన్న పని మొదలుపెడుతున్నాను. మన చుట్టుపక్కల ఊళ్లల్లో చిందు గానీ, పద్యనాటకం గానీ, భజన గానీ, ఏది జరిగినా పోయి పూర్తిగా చూసి, ఒక పేజీ రాస్తాను. రాసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. నేను మొత్తం చూశానా? అక్కడ వాళ్లు ఏం చెయ్యాలనుకుంటున్నారో నాకు తెలుసా? బాగలేదంటే ఏది, ఎక్కడ, ఎందుకు? ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే ఇదే మాట చెప్పగలనా? న్యూమన్ ఇలా నాలుగు ప్రశ్నలు రాసి పెట్టలేదు, ఇవి నేను చేసుకున్నవి. వీటిలో మూడోదాన్ని ఆ పిల్లగాడు బస్టాండ్‌లోనే అడిగేశాడు.

మీలో ఎవరైనా పగలు బ్యాంకులో, షాపులో, రైస్ మిల్లులో పని చేస్తూ, రాత్రి ఒక కళను పట్టుకుని నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే, డిగ్రీ లేదని ఆగిపోకండి. లివర్‌పూల్ గుమాస్తాకు కూడా సంగీతంలో డిగ్రీ లేదు. మీ ఊళ్లో ఈ నెల ఏ ఆట జరిగినా, పూర్తిగా చూసి, ఏం చూశారో పది లైన్లు కింద రాయండి. "సూపర్ అన్నా" అని మాత్రం రాయకండి. ఏది సూపరో రాయండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.